జానెడు కిటికీ

మేస్త్రి తన సొంత ఇంటి కిటికీకి టేపు పెట్టిన పొద్దున, ఆయన భార్య ఆ కిటికీ కిందే స్టూలు మీద కూర్చుని ఒక నల్లకోటు మెడపట్టీ విప్పుతోంది. బట్టకు పడ్డ చిల్లు కనపడకుండా రఫ్ఫు చెయ్యడం ఆమె పని. వీధి వీధంతా ఆమెను రఫ్ఫక్క అంటుంది. టేపు కొస ఆమె భుజం మీదుగా పోయింది. ఆమె తల పక్కకు వంచింది గాని లేవలేదు.

"కాస్త జరుగు," అన్నాడు మేస్త్రి.

"పోగు తెగుతుంది. ఉండండి."

కోటు ఎడమ మోచెయ్యి దగ్గర నిప్పురవ్వ పడి చిటికెనవేలి గోరంత చిల్లు పడింది. దాన్ని పూడ్చడానికి బజార్లో దారం కొనుక్కొస్తే కుదరదు. ఆ కోటులోంచే పోగులు తియ్యాలి. మెడపట్టీ కింది పోగు ఎండ మొహం చూడలేదు కాబట్టి నలుపు నలుపుగానే ఉంటుంది. జేబు మూత లోపలిది కాస్త వెలిసి ఉంటుంది. చేతి మడతలోది ఇంకాస్త. ఈ మూడు నలుపుల్నీ పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టుకుని, ఏ పోగు పక్కన ఏది పడితే కన్ను దాటిపోతుందో చూసుకుని, ఒకటి పైనుంచి ఒకటి కిందినుంచి అల్లుకుంటూ పోవాలి. దీపం కింద చూస్తే మూడూ ఒకటే నలుపు. అందుకే ఆ ఇంట్లో ముందు కిటికీ దగ్గర స్టూలుకు చోటు, తర్వాతే మిగతా సామానుకు.

కిటికీకి రెండో కొసన అత్తగారి మంచం. కిటికీ కూడా దాదాపు ఆ మంచమంత పొడుగు. వీధికి ఇళ్ళు ఒక్క వైపే. వాటి వీపులు కొండరాతికి ఆనుకుని ఉంటాయి కాబట్టి వెనక కిటికీలు లేవు. ముందు వీధి, వీధికవతల పిట్టగోడ, గోడ కింద నది, నదికి అవతల పల్లపు పొలాలు. మోకాళ్ళు పట్టేసిన దగ్గర్నుంచి అత్తగారికి లోకమంటే ఆ కిటికీయే. రేవులో పడవ ఎందుకు ఆలస్యమైందో, ఎవరు గొడుగు మరిచిపోయి వెనక్కి పరుగెత్తారో ఆవిడే చెప్పాలి.

మేస్త్రి టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. సుద్దముక్కతో కిటికీ చట్రం మీద రెండు గీతలు గీశాడు.

"ఏంట్రా ఆ గీతలు?" అంది అత్తగారు.

"కిటికీ, అమ్మా."

"కిటికీ ఉందిగా. మళ్ళీ గియ్యడమెందుకు?"

"ఇక మీదట ఇంతే ఉంటుంది."

ఆవిడ మంచం మీద నుంచి వంగి, గీతల మధ్య చెయ్యి చాపి చూసింది. బొటనవేలు ఒక గీతకి, చిటికెనవేలు ఇంకో గీతకి ఆనాయి.

"జానెడు," అంది. "పిల్లి దూరాలన్నా ఊపిరి బిగబట్టాలి."

రఫ్ఫక్క సూది మెడపట్టీకే గుచ్చి తలెత్తింది. సంగతి వీధికి తెలిసిందే. తన ఇంటిదాకా ఇంత త్వరగా వస్తుందని ఆమె అనుకోలేదు.

ఊరు మెట్టకీ పల్లానికీ మధ్య ఏటవాలు మీద ఉంది. పై పేటలో గాలి కోస్తుంది, అక్కడ రాతి ఇళ్ళు, సన్న కిటికీలు. కింద నది ఒడ్డున ఉక్క పోస్తుంది, ఇక్కడ సున్నం కొట్టిన గోడలు, వెడల్పు కిటికీలు. ఎవరి గాలికి తగ్గ కిటికీ వాళ్ళు పెట్టుకున్నారు, అంతకు మించి ఎవరూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించడానికి ఒక సంఘం కూర్చుంది. ఊరి ఎత్తూ, రాయీ, పై పేట కట్టడాలూ చూసి, ఇది మెట్ట సీమకు చెందిన నగరమని తేల్చింది. మెట్ట ఊళ్ళను చూపించే యాత్రా బస్సులు ఇక్కడికీ వస్తాయి. బస్సు వంతెన దగ్గర ఆగుతుంది. దిగినవాళ్ళు మొదట చూసేది ఈ వీధినే. కాబట్టి వీధి మెట్ట వీధిలా ఉండాలి.

ఈ మాట చెప్పడానికి వచ్చిన అధికారి చేతిలో ఎప్పుడూ టేపు ఉంటుంది. టేపు సారు అని పేరు పెట్టుకున్నారు. ఆయన వీధి మధ్యలో నిలబడి వివరిస్తుంటే పక్కింటావిడ, "రాత్రి పల్లంలో పడుకున్నాం, పొద్దున లేచేసరికి మెట్టెక్కేశాం. కాళ్ళ నొప్పులు కూడా లేవు," అంది. అందరూ నవ్వారు. "నదిని కూడా పైకెక్కిస్తారా సారూ?" అని ఇంకెవరో అడిగారు. టేపు సారు నవ్వలేదు. "నదితో ఇబ్బంది లేదు. ఉండనివ్వండి," అన్నాడు.

గోడలకు బూడిదరంగు రాతి పలకలు అతికించి, కిటికీలు కుదించే పని ఒక కాంట్రాక్టరుకు దక్కింది. కాంట్రాక్టరు కింద ముఠామేస్త్రి ఈ ఇంటాయనే.

"మనది వదిలెయ్యమని అడగలేకపోయారా?" అంది రఫ్ఫక్క.

మేస్త్రి సుద్దముక్కను వేళ్ళ మధ్య దొర్లించాడు. "నిన్న పక్కింటాయన ఏమన్నాడో తెలుసా? ముందు నీ ఇంటికి పెట్టుకో, తర్వాత మా ఇళ్ళ మీదికి రా అన్నాడు. అక్కడ కాంట్రాక్టరు కూడా అదే మాట. నీ ఇంటితో మొదలుపెడితే వీధి నోరెత్తదు అన్నాడు. మనది వదిలేస్తే వీధి ఒప్పుకోదు. వీధి ఒప్పుకోకపోతే ఆయన నన్నుంచడు. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి."

"మరి నా పని?"

"దీపం పెద్దది తెస్తా."

ఆమె పోగు అందుకుని వెలుతురుకు ఎత్తి పట్టి చూసింది.

మర్నాడు ఇటుకలు వచ్చాయి. మేస్త్రి ఇద్దరు మనుషుల్ని బయట పలకల మీద పెట్టి, లోపలి ఇటుక పని తనే మొదలుపెట్టాడు. పరాయి చెయ్యి ఆ కిటికీ మీద పడటం ఆయనకు ఇష్టం లేదని రఫ్ఫక్కకు తెలుసు. ఆ మాట ఆయన అనలేదు, ఆమె అనిపించలేదు. ఊచలు ఊడదీసి గోడకు చేర్చాడు. తాడు కట్టి, రసమట్టం పెట్టి చూసుకుని, మొదటి వరస వేశాడు.

రఫ్ఫక్క స్టూలు జరుపుకుంటూ పని చేసింది. మొదటి వరసలకు వెలుతురు ఒళ్ళోంచి లేచి చేతుల మీదికి వచ్చింది. ఆమె స్టూలు మీద దిండు వేసుకుంది. ఇంకొన్ని వరసలకు చేతుల మీద నుంచి మొహం మీదికి వచ్చింది. అప్పుడు నిలబడి, కోటు గోడకు ఆనించి కుట్టింది. మేస్త్రి ఒక ఇటుక పెట్టి, తాపీ పిడితో తట్టి, పొంగిన సిమెంటు గీరి, ఒక్కసారి ఆమె చేతుల వైపు చూసి, ఇంకో ఇటుక అందుకునేవాడు. ఇద్దరూ ఒకరితో ఒకరు పోటీ పడుతున్నట్టుంది చూసేవాళ్ళకు. గెలుపు ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

చివరికి మంచం వైపు భాగం మిగిలింది. మేస్త్రి ఇటుక ఎత్తి పట్టుకున్నాడు.

"ఆగరా," అంది అత్తగారు. "పడవ నడిమధ్యన ఉంది. చేరనీ."

మేస్త్రి ఇటుక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తాపీ మీద సిమెంటు ఆరడం మొదలైంది. బయట పలకలు అతికిస్తున్న మనుషులు లోపలికి తొంగి చూశారు. పడవ రేవుకు తగిలింది. మనుషులు దిగారు, ఒక మేక దిగనని మొరాయించింది, దాన్ని ఎత్తి దించారు.

"ఊఁ. పెట్టుకో," అంది ఆవిడ. ఇటు తిరిగి పడుకుంది.

పెద్ద దీపం తెచ్చాడు మేస్త్రి. మాట తప్పలేదు. దూలానికి తీగ కట్టి, సరిగ్గా స్టూలు మీదికి వేలాడదీశాడు. దాని కింద కోటు పని పూర్తి చేసి లాండ్రీకి పంపింది రఫ్ఫక్క. పంపేముందు మోచెయ్యి మీద వేలు రాసి చూసింది. వేలికి ఏమీ తగల్లేదు. కంటికి కూడా ఏమీ కనపడలేదు.

లాండ్రీ యజమాని కోటు తిరిగి పట్టుకుని తనే వచ్చాడు. ఊళ్ళో రఫ్ఫు పని ఆయన దగ్గరికే వస్తుంది, ఆయన దగ్గర్నుంచి ఆమె దగ్గరికి వస్తుంది. ఎప్పుడూ మనిషి చేత పంపేవాడు. ఆయన గుమ్మంలో నిలబడి లోపలికి చూసి, "ఇల్లా, బొరియా?" అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆయన ఆమెను వీధిలోకి పిలిచి, కోటు చెయ్యి ఎండలో పరిచాడు.

మోచేతి మీద చిల్లు లేదు. చిల్లు ఉన్నచోట తపాలా బిళ్ళంత నలుపు ఉంది. మెడపట్టీ కింది పోగులు వెలిసిన గుడ్డ మధ్యలో వరసగా కూర్చున్నాయి. దీపం కింద ఆమెకు మూడు నలుపులూ ఒకటైపోయాయి.

"నీ చెయ్యి నేనెరుగుదును రఫ్ఫక్కా," అన్నాడు ఆయన. "ఇది నీ చెయ్యి కాదు."

"చెయ్యి నాదే బాబాయ్. కన్నే నాది కాదు."

"కోటాయన నవ్వి ఊరుకున్నాడు, మంచివాడు. వచ్చే బుధవారం వేసుకోవాలట. సరిచేసి ఇవ్వు. ఇంకోటి ఇలాంటిది వచ్చిందంటే నాకు మొహం ఉండదు. వంతెన అవతల ఒకాయన ఉన్నాడు. నీ అంత పనివాడు కాదు, కానీ వాళ్ళింటికి కిటికీ ఉంది."

ఆయన వెళ్ళాక ఆమె చాలాసేపు వీధిలోనే నిలబడింది. కోటు ఎండలో ఉంది. నల్లబిళ్ళ చుట్టూ వెలిసిన గుడ్డ, పోగు పోగూ విడివిడిగా కనపడుతోంది. లోపలికి వెళ్ళి స్టూలు తెచ్చి గుమ్మం ముందు మెట్టు మీద వేసుకుంది.

"ఏంటక్కా, మేస్త్రి గెంటేశాడా?" అంది పక్కింటావిడ. ఆమె కిటికీ కూడా ఆ పొద్దునే జానెడైంది.

"ఆయన కాదు. ఇల్లే గెంటింది."

మెట్టు మీద పని సులువు కాదు. అల్లిన పోగుల్ని గుడ్డ తెగకుండా ఊడదియ్యాలి. నది గాలికి పోగు ఎగిరిపోతుంది. తీసిన పోగుల్ని పెదాల మధ్య పట్టుకుంది. సైకిలు పోయినప్పుడల్లా కోటును ఒడిలోకి ముడుచుకుని దుమ్ము అణిగేదాకా ఆగింది. కానీ వెలుతురు ఉంది. మధ్యాహ్నానికి నల్లబిళ్ళ సగం ఊడింది.

మొదటి యాత్రా బస్సు వచ్చింది ఆ రోజే. మడిచిన ఎర్ర గొడుగు ఒకటి జెండాలా పైకెత్తి పట్టుకుని ఒక అమ్మాయి ముందు నడుస్తోంది, వెనక పాతిక మంది. రాతి పలకల ముందు ఆగారు, సన్న కిటికీల ముందు ఆగారు. రఫ్ఫక్క ముందుకు వచ్చేసరికి గొడుగమ్మాయి తడబడింది. చెప్పమని ఇచ్చిన మాటల్లో ఈమె లేదు. ఆ అమ్మాయి ఒకసారి కిటికీ వంక, ఒకసారి మెట్టు వంక చూసింది.

"మెట్ట ఇళ్ళల్లో కిటికీలు చిన్నవి కదండీ," అంది. "లోపల చీకటి. అందుకని ఇక్కడి ఆడవాళ్ళు పనులన్నీ ఇలా గడప బయట కూర్చుని చేసుకుంటారు."

పాతిక మందీ అయ్యో అన్నట్టూ ఆహా అన్నట్టూ తలలూపారు. ఫోటోలు తీశారు. రఫ్ఫక్క పెదాల మధ్య పోగులున్నాయి కాబట్టి నోరు తెరవలేదు.

మర్నాడు టేపు సారు వచ్చాడు. మెట్టు మీద కూర్చోవద్దంటాడేమోనని రఫ్ఫక్క లేచి నిలబడింది.

"కూర్చోండి, కూర్చోండి," అన్నాడు. "ఫోటోలు చూశాను. మీరు రోజూ ఇలాగే కూర్చోవాలి. బస్సులు పొద్దున నుంచి భోజనాల వేళ దాకా వస్తాయి."

"రోజూ కూర్చోక తప్పదు సార్. లోపల కళ్ళు కనపడవు."

"అదే కావాల్సింది." సంచిలోంచి బూడిదరంగు ఉన్ని శాలువా తీసి ఇచ్చాడు. తర్వాత ఒక ముతక గుడ్డ తీసి ఇచ్చాడు. "కోటు వద్దు. మెట్టలో కోట్లెక్కడివి? ఇది కుట్టండి."

గుడ్డ మధ్యలో గుండ్రంగా చిల్లు ఉంది. రఫ్ఫక్క అంచులు తడిమి చూసింది. చిరుగు కాదు, కాలింది కాదు, పురుగు కొట్టిందీ కాదు.

"ఈ చిల్లు ఎలా పడింది సార్?"

"కత్తిరించాం."

"ఎందుకు?"

"మీరు పూడ్చడానికి."

ఆమె మేస్త్రి వైపు చూసింది. ఆయన రెండిళ్ళ అవతల పలకల మీద నీళ్ళు చల్లుతున్నాడు. టేపు సారు కూడా అటే చూసి గొంతు పెంచాడు. "మేస్త్రీ, పై వీధి పని కూడా నీ ముఠాకే చెప్పాను. ఇంట్లోవాళ్ళు కూడా సాయం పడితే మంచిది కదా." మేస్త్రి చల్లడం ఆపలేదు. చల్లినచోటే మళ్ళీ చల్లాడు.

రఫ్ఫక్క శాలువా కప్పుకుంది.

ఆ చిల్లు పూడ్చడానికి ఆమెకు ఎంతో సేపు పట్టలేదు. ముతక గుడ్డ, ఒకటే రంగు. బస్సు వచ్చేసరికి చిల్లు లేదు. గొడుగమ్మాయి గుడ్డను అటు తిప్పి ఇటు తిప్పి, పదిమంది చేతులకు ఇచ్చి, "ఇక్కడే ఎక్కడో ఉండాలండీ," అంది. వాళ్ళకేం కనపడలేదు. మెట్టు మీద ఒకామె ఒట్టి గుడ్డ పట్టుకుని కూర్చుంది, అంతే. బస్సు వెళ్ళాక ఆ అమ్మాయి వెనక్కి వచ్చింది.

"అక్కా, ఏమనుకోకండి. పూర్తి చెయ్యొద్దు. సగం ఉంచండి. పూర్తయితే వాళ్ళకు చూడ్డానికేం ఉండదు."

"పూర్తవడమే తల్లీ ఈ పని. కనపడిందంటే చెడినట్టు."

"తెలుసక్కా. నన్నంటే ఏం లాభం? నాదీ ఉద్యోగమే. నేను పుట్టింది పల్లంలో. ఇది మా ఊరు, మా మెట్ట అని రోజుకు ఆరుసార్లు చెప్తున్నా."

ఆ తర్వాత రఫ్ఫక్క నాలుగు పోగులు అల్లి, బస్సు వెళ్ళాక నాలుగూ ఊడదీసి, ఇంకో బస్సుకు మళ్ళీ అల్లింది. కోటు లోపల మేకుకు వేలాడుతోంది. చివరి బస్సు కదిలేసరికి ఎండ కొండ వెనక్కి పోయి మెట్టు మీద నీడ పడేది. లోపల ఎలాగూ చీకటి. ఒక పగలు పోయింది. ఇంకో పగలు పోయింది. కోటు ఇవ్వాల్సిన బుధవారం దగ్గరపడుతోంది.

సోమవారం నాడు గుంపులోంచి ఒక పెద్దాయన ముందుకొచ్చి, గొడుగమ్మాయిని కాకుండా ఆమెనే అడిగాడు. "ఇలా బయట కూర్చోవడం ఎప్పటినుంచమ్మా?"

రఫ్ఫక్క సూది ఆపింది. టేపు సారు గుంపు వెనకే ఉన్నాడు. మేస్త్రి నిచ్చెన మీద ఉన్నాడు. ఆమె ఇద్దరినీ చూడలేదు.

"పోయిన వారం నుంచండీ," అంది. "మంచమంత కిటికీ ఉండేది. మా ఆయనే మూసేశాడు. లోపల చీకటైంది, బయటికొచ్చాను."

పెద్దాయన పకపకా నవ్వాడు. గుంపంతా నవ్వింది. "మెట్టవాళ్ళు వెటకారం బాగా చేస్తారని విన్నాను," అన్నాడు పెద్దాయన. గొడుగమ్మాయి నవ్వలేదు, నేల చూసింది. టేపు సారు కూడా చివరికి నవ్వాడు.

సాయంత్రం రఫ్ఫక్క శాలువా తీసి మేకుకు తగిలించింది, కోటు పక్కనే. అన్నం వార్చడానికి కూర్చుంది గాని గిన్నె దించలేదు. మంచం మీద అత్తగారు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. కిటికీ మూసిన దగ్గర్నుంచి అంతే. పడవ సంగతి ఎత్తడం లేదు. పెట్టింది తింటోంది.

"వాళ్ళెందుకే నవ్వారు?" అంది ఉన్నట్టుండి.

"నిజం చెప్పానని."

"ఏం చెప్పావు?"

రఫ్ఫక్క చెప్పింది. అత్తగారు ఇటు తిరిగింది.

"మెట్ట మెట్ట అంటున్నాడుగా ఆ టేపు మనిషి. ఈ వీధిలో మెట్టలో పుట్టిందాన్ని నేనొక్కదాన్నే. ఎవడైనా నన్నడిగాడా?" ఆవిడ మోచేతి మీద లేచింది. "గడప బయట కూర్చోవడమా, ఎవరు చెప్పారు? ఆ గాలికి చెవులు తెగి కింద పడతాయి. కిటికీ జానెడు, తలుపు ఎప్పుడూ మూతే. మధ్యాహ్నం కూడా తలుపు తియ్యనిచ్చేది కాదు మా అమ్మ. నిప్పు వెలుగులో ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకునేవాళ్ళం. మీ మామగారు చూడ్డానికి వచ్చినప్పుడు మనిషి నల్లగా ఉన్నాడా తెల్లగా ఉన్నాడా నాకేం తెలుసు, ఆ చీకట్లో? వాళ్ళింటికి మంచమంత కిటికీ ఉంది, నది కనపడుతుంది అన్నారు. చేసుకుంటానన్నా."

"కిటికీని చూసా?"

"మరేంటే? మొగుళ్ళు ఎక్కడైనా దొరుకుతారు."

నవ్వకూడదనుకుంటూనే రఫ్ఫక్క నవ్వింది. అత్తగారు నవ్వలేదు.

"అంత దూరం పారిపోయి వచ్చానా, ముసలితనంలో మంచం దగ్గరికే వచ్చింది నా మెట్ట. నా కొడుకు చేతనే కట్టించుకుంది."

మేస్త్రి గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటున్నాడు. చెంబు చేతిలో అలాగే ఉండిపోయింది.

పొద్దున రఫ్ఫక్క శాలువా కోసం చూస్తే మేకు మీద లేదు. అత్తగారు మంచం మీద కాళ్ళు కిందికి వేలాడేసుకుని కూర్చుని ఉంది. శాలువా ఆవిడ భుజాల మీద ఉంది.

"ఒరేయ్, కుర్చీ బయట వెయ్యి," అంది కొడుకుతో. "నన్నెత్తుకో."

మేస్త్రి భార్య వంక చూశాడు. రఫ్ఫక్క తనకేం తెలియదన్నట్టు చేతులు తిప్పింది. ఆయన కుర్చీ మెట్టు మీద వేసి, తల్లిని చంటిపిల్లలా ఎత్తుకెళ్ళి కూర్చోబెట్టాడు. ఆవిడ ముందు నది వైపు చూసింది. రేవు ఖాళీగా ఉంది. పడవ అవతలి ఒడ్డున ఉంది.

"నీళ్ళు తగ్గాయి," అంది. "ఆ గుడ్డ ఇలా ఇయ్యవే."

టేపు సారు వచ్చేసరికి ఆవిడ చిల్లుగుడ్డ ఒళ్ళో పెట్టుకుని సూది తలకిందులుగా పట్టుకుని ఉంది.

"ఈవిడెవరు? ఆవిడేరి?" అన్నాడు సారు.

"మా అత్తయ్య సార్," అంది రఫ్ఫక్క గుమ్మంలోంచి. "మెట్టలో పుట్టిన మనిషి. నేనా, పల్లం దాన్ని."

సారు మొహం విప్పారింది. "మెట్టలోనా? నిజంగానా?" అని, వెంటనే, "మరి ఈ పని వచ్చా?" అన్నాడు.

"రాదు సార్. చిల్లు పూడకూడదన్నారుగా. మా అత్తయ్య చేతిలో ఎన్నేళ్ళైనా పూడదు."

పక్కింటావిడ కొంగడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. సారు కాసేపు ఆలోచించి, వెనక్కి నాలుగడుగులు వేసి, అత్తగారినీ రాతి పలకల్నీ జానెడు కిటికీనీ కలిపి చూశాడు. సరే అన్నట్టు తలూపాడు. అప్పుడు తెరిచి ఉన్న గుమ్మం వైపు చెయ్యి చూపించాడు.

"ఆ తలుపు మూసెయ్యండి. లోపలి సామాను కనపడుతోంది. పైగా మెట్ట ఇళ్ళల్లో తలుపులు మూసే ఉంటాయని రాసుంది."

రఫ్ఫక్క తలుపు మీద చెయ్యి వేసింది. మూస్తే లోపల ఉండాలి, దీపం కింద. మూసి బయట కూర్చుంటే గుంపు ముందు కోటు పట్టుకోకూడదు. రేపే బుధవారం.

"ఎవడ్రా రాసింది?" అంది అత్తగారు.

"అమ్మా..." అన్నాడు మేస్త్రి.

"నువ్వుండు. ఏమయ్యా, రాసినవాడు పుట్టాడా మెట్టలో? నేను పుట్టాను. మా ఇళ్ళల్లో పగలు తలుపు వెయ్యరు. పొద్దుగుంకేదాకా బార్లా తీసే ఉంచాలి. పగలు తలుపు మూసిందంటే ఆ ఇంట్లో మనిషి పోయినట్టు లెక్క. నేనింకా ఉన్నాను."

రఫ్ఫక్క అత్తగారి మొహం చూసింది. ఆ మొహంలో ఒక్క గీత కదల్లేదు. మేస్త్రి నేల చూస్తున్నాడు, ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

టేపు సారు జేబులోంచి పెన్ను తీశాడు. "పగలు తలుపు మూయరు," అని పైకి అనుకుంటూ రాసుకున్నాడు. "ఇది మా దృష్టికి రాలేదు. చాలా ముఖ్యమైనది. మేస్త్రీ, వీధిలో అందరికీ చెప్పు. బస్సులు తిరిగినంత సేపూ ఎవరూ తలుపులు వెయ్యకూడదు."

"అలాగే సార్," అన్నాడు మేస్త్రి. నిచ్చెన వదిలేసి వీధి కొసకు నడిచాడు. రెండో ఇంటి దగ్గర తలుపు కొట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత మూడో ఇంటి దగ్గర.

రఫ్ఫక్క లోపల గుమ్మానికెదురుగా చాప పరిచింది. తలుపు వెడల్పున ఎండ నేల మీద పడింది. అందులో సగం అత్తగారి కుర్చీ నీడ. మిగిలిన సగంలో కోటు మోచెయ్యి పడుతుంది, రెండు చేతులూ పడతాయి. ఆమె మోకాళ్ళు మడుచుకుని ఆ ముక్కలోకి జరిగి, మూడు నలుపుల్నీ మోకాలి మీద పక్కపక్కన పరుచుకుంది. అవి మూడుగానే కనపడ్డాయి.

బయట బస్సు ఆగింది. అడుగులు వచ్చాయి. మనుషుల నీడలు చాప మీదుగా ఒకదాని వెనక ఒకటి పోయాయి. నీడ వచ్చినప్పుడు ఆమె సూది ఎత్తి పట్టుకుని ఆగింది, పోయాక దించింది.

"ఈ సీమలో పగలు తలుపులు మూయరండీ," అంటోంది గొడుగమ్మాయి. "తరతరాల ఆచారం. కదా మామ్మా?"

అత్తగారు నది వైపే చూస్తోంది.

"మామ్మా?"

"ఉండవే," అంది అత్తగారు. "పడవలో ఆ ఆకుపచ్చ చొక్కావాడు నిలబడ్డాడు. పడతాడు చూడు."

గుంపంతా నది వైపు తిరిగింది. చాప మీద నీడలు తొలగాయి. ఎండ ముక్క అప్పటికే గోడ వైపు ఒక వేలు జరిగింది. రఫ్ఫక్క కూడా ఒక వేలు జరిగింది, పోగు అందుకుంది, ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి, గబగబా అల్లసాగింది.